వెండితెర వడ్డాణం... చిలకలపూడి పూత
సినిమా నగల్లో బంగారమెంత? భ్రమ ఎంత?

మచిలీపట్నం: తెరపై మహారాణి మెట్లు దిగి వస్తుంది. పాపిడిబిళ్ల మొదలు కాలి అందెల వరకు ఒళ్లంతా నగలే. హాలులో ముందు వరుసలోని ఆడపడుచులు కథను కాసేపు పక్కన పెట్టి హారాల వరుసలు లెక్కపెడతారు. ఆ చిత్రం ఊరు విడిచి వెళ్లేలోగానే అదే హారం నమూనా బందరు దుకాణాల అద్దాల వెనుక వేలాడుతుంది. తెరమీద కనిపించినది అసలు బంగారమా, దుకాణంలోనిది నకలా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం అంత సులువు కాదు. చాలా సందర్భాలలో రెండూ నకళ్లే. అరుదుగా తెరమీదిది అసలు. ఒక్కోసారి నకలే ముందు పుట్టి, దానిని చూసి అసలు తయారైన విచిత్రమూ ఉంది.

కృష్ణా జిల్లా వాసులకు ఈ సంగతి తెలుసుకోవలసిన అవసరం ఒకటుంది. జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలో, పాండురంగస్వామి ఆలయంతో పేరుపొందిన చిలకలపూడి, నూరేళ్లకు పైబడి బంగారు పూత నగలకు నెలవు. పాత తెలుగు పత్రికలు తిరగవేస్తే చిలకలపూడి కవరింగ్ నగల ప్రకటనలు నేటికీ కంటపడతాయి. రోల్డ్‌గోల్డ్ అన్నా, గిల్టు అన్నా, కవరింగ్ అన్నా, ఇటీవల వచ్చిన 'ఒక గ్రాము బంగారం' అన్నా తెలుగునాట మొదట గుర్తుకు వచ్చే ఊరు ఇదే. వెండితెర మీది తళుకు సామాన్యుని ఇంటి పెళ్లి పందిరికి చేరే దారిలో ఈ ఊరు ఒక ముఖ్యమైన మజిలీ.

అసలు బంగారం ఎందుకు పెట్టరు?

ఖరీదు ఎక్కువ కనుక అని అందరూ అంటారు. అది నిజమే కాని పూర్తి నిజం కాదు. మొదటి ఇబ్బంది బరువు.

ఒక వడ్డాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 75 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు, రేకు మందం ఒక మిల్లీమీటరు. దానిని 22 క్యారెట్ల బంగారంతో చేస్తే సుమారు 660 గ్రాములు తూగుతుంది. అదే కొలతలతో ఇత్తడితో చేస్తే 320 గ్రాములకు మించదు. ఫైబరుతో పోతపోసి పైన రంగు వేస్తే 45 గ్రాములు. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ఆ లెక్కన ఈ ఒక్క వడ్డాణంలోని లోహం విలువే అరవై లక్షల రూపాయలు. తరుగు, మజూరీ, రాళ్లు వీటికి అదనం. పైన హారాలు, వంకీలు, జడ నాగరం, బుట్టకమ్ములు, కిరీటం కూడా ఇదే లోహంతో చేస్తే నటి నడవడమే కష్టం. ఇక నాట్యం చేయడమెట్లా? చిత్రీకరణ ఒక రోజుతో ముగిసేది కాదు. ఒక్క పాటకే రోజుల తరబడి ఉదయం నుంచి పొద్దుపోయే వరకు ఆ నగలు ఒంటిమీద ఉండాలి. చెవికి వేలాడే బరువు మాటీలతో జుట్టుకు ఎత్తి కట్టినా సాయంత్రానికి చెవితమ్మె వాచిపోతుంది.

రెండవ ఇబ్బంది వెలుతురు. మెరుగు పెట్టిన బంగారం అద్దం వంటిది. స్టూడియో దీపాలు దానిమీద పడితే కెమెరా కంట్లోకి తిరిగి కొడుతుంది. కంటికి అందంగా కనిపించే మెరుపు తెరమీద తెల్లని మచ్చగా మారుతుంది. అందువల్ల సినిమా నగకు మెరుగు కొంచెం చంపుతారు. ఇంట్లో పెట్టుకునే నగకు మెరుగు ఎక్కిస్తే సంతోషం, సినిమా నగకు తగ్గిస్తే సంతోషం.

మూడవది, నగ ఒక్కటి ఉంటే చాలదు. కథానాయికకు ఒకటి, పోరాట దృశ్యాలలో ఆమె బదులు నటించేవారికి ఒకటి, తెగిపోతే మార్చడానికి ఇంకొకటి. తెగిన హారాన్ని అతికించేవరకు వందల మంది పనివారు ఖాళీగా కూర్చోవడం నిర్మాతకు నగ ఖరీదు కన్నా పెద్ద నష్టం. సంభాషణలను అక్కడికక్కడే శబ్దగ్రహణం చేసే చిత్రాలలో మరో తలనొప్పి ఉంది. గాజులూ గొలుసులూ గలగలమంటే మాట వినబడదు. లోపల కనబడకుండా దారం చుట్టో, మైనం పెట్టో ఆ చప్పుడు అణచవలసి వస్తుంది.

బూరుగు కర్ర నుంచి దగ్గరి కెమెరా వరకు

ఈ చిక్కులకు సినిమా పుట్టకముందే మన నాటకరంగం ఒక జవాబు కనిపెట్టింది. మచిలీపట్నానికి దగ్గరలోనే, మొవ్వ మండలంలోని కూచిపూడి భాగవతుల ఆభరణాలు పూర్వం తేలికైన బూరుగు కర్రతో చేసినవి. రాత్రంతా ఆడవలసిన ఆటగానికి బరువు ఎంత తగ్గితే అంత మేలు. కాగడాల వెలుగులో, పది బారల దూరాన కూర్చున్న ప్రేక్షకుడికి కర్రమీద అద్దిన రంగు, అతికించిన అద్దపు ముక్క చాలు, రత్నఖచితమైన కిరీటం కనబడినట్లే. 1885లో నేటి కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజాలవారు ఊరూరా తిరుగుతూ పౌరాణికాలు ఆడినప్పుడూ ప్రేక్షకునికీ రంగస్థలానికీ నడుమనున్న ఆ దూరమే వారి కిరీటాలకు రక్ష.

కెమెరా ఆ దూరాన్ని చెరిపేసింది. కథానాయిక ముఖం తెరనిండా పరచుకున్నప్పుడు ముక్కుపుడక గుమ్మడికాయంత కనబడుతుంది. టంకం సరిగా పడని చోటు, అంచు విరిగిన రాయి, పెచ్చు లేచిన పూత అన్నీ బయటపడతాయి. కనుక సినిమాకు కావలసిన నగ నాటకపు నగలా తేలికగా ఉండాలి, అసలు నగలా దగ్గరి చూపుకు నిలవాలి. ఈ రెండింటినీ కలపడమే సినిమా నగల పనివాని విద్య.

నలుపు తెలుపు కాలంలో ఇంకో పరీక్ష ఉండేది. ఎర్రని కెంపూ, పచ్చని మరకతమూ తెరమీద ఇంచుమించు ఒకే బూడిదరంగుగా కనబడవచ్చు. రంగు పనికిరాదు కనుక ఆకారం, పరిమాణం, వెలుగునీడలే నగను నిలబెట్టాలి. 1957లో విడుదలైన 'మాయాబజార్'ను ఈ దృష్టితో మళ్లీ చూడండి. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులుగా, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకునిగా పనిచేసిన ఆ చిత్రంలో కిరీటాలు, భుజకీర్తులు, హారాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా తెలుస్తాయి. 2010లో ఆ చిత్రానికి రంగులు అద్ది తిరిగి విడుదల చేసినప్పుడు, ఏ రాయి ఎరుపు, ఏ రాయి ఆకుపచ్చ అన్నది కొత్తగా నిర్ణయించవలసి వచ్చింది. రంగుల ప్రతిని మెచ్చుకున్నవారు ఎందరో. నగల విషయంలో మాత్రం పాత ప్రతిలోనే గాంభీర్యం ఎక్కువని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హాలీవుడ్‌లో ఒక పనివాడు, హైదరాబాద్‌లో అనేకులు

అమెరికాలో ఈ విద్యకు వ్యాపార రూపం ఇచ్చినవాడు యూజీన్ జోసెఫ్. 1934లో వచ్చిన 'ది అఫైర్స్ ఆఫ్ సెల్లిని' అనే చిత్రం పదహారవ శతాబ్దపు ఇటలీ కథ. అందులో నటి దుస్తులు ఆ కాలానివే, నగలు మాత్రం ఆధునికమైనవి. జోసెఫ్ ఈ పొరపాటును ఎత్తిచూపాడు. ఇందులో తమాషా ఏమంటే ఆ కథానాయకుడు సెల్లిని చరిత్ర ప్రసిద్ధుడైన స్వర్ణకారుడు! స్వర్ణకారుని కథలోనే నగలు తప్పాయన్నమాట. ఆ తరువాత స్టూడియోలు నగల కోసం జోసెఫ్‌నే ఆశ్రయించాయి. దీపాల కాంతి తిరిగి కొట్టకుండా ఉండేందుకు అతడు మసకబారిన ఒక రకం బంగారు పూతను రూపొందించాడు. 'రష్యన్ గోల్డ్' అని దానికి పేరు. 1939 నాటి 'గాన్ విత్ ది విండ్' చిత్రానికీ అతని నగలు వాడారు. నగలను అతడు అమ్మలేదు, అద్దెకిచ్చేవాడు. అందువల్ల ఒకే హారం సంవత్సరాల తేడాతో వేర్వేరు చిత్రాలలో, వేర్వేరు తారల మెడలలో కనబడింది.

మన దేశంలో ఈ కోవలో మొదట చెప్పవలసినది కె. ఆసిఫ్ తీసిన 'మొఘల్-ఎ-ఆజమ్'. సంవత్సరాల తరబడి నిర్మాణం సాగి 1960 ఆగస్టు 5న విడుదలైన ఆ చిత్రానికి దేశం నలుమూలల నుంచి పనివారిని రప్పించారు. దుస్తులకు ఢిల్లీ దర్జీలు, బుటేదారు పనికి సూరత్ వారు, కిరీటాలకు కొల్హాపూర్ పనివారు, పాదరక్షలకు ఆగ్రా వారు. నగలు చేసినవారు మన హైదరాబాద్ స్వర్ణకారులు. చిత్రంలోని శ్రీకృష్ణుని విగ్రహం అసలు బంగారంతో చేయించారు. చెరసాలలో మధుబాలను బంధించిన గొలుసులు నిజమైన ఇనుప గొలుసులే. తెరమీద కల్పన నిజంగా తోచాలంటే వస్తువు నిజమైనదై ఉండాలన్నది ఆసిఫ్ పట్టుదల. ఆ పట్టుదలను ఎంత పొగిడినా, నగలు చేసిన ఆ హైదరాబాదీ పనివారిలో ఒక్కరి పేరు కూడా మన ప్రేక్షకులకు తెలియదు. 'హైదరాబాద్ స్వర్ణకారులు' అన్న బహువచనంతోనే చరిత్ర వారిని సరిపెట్టింది.

నగల దుకాణమే తెరమీదికి

2000 దశాబ్ది వచ్చేసరికి వ్యవహారం మారింది. అప్పటివరకు నగ సినిమాకు ఖర్చు. అప్పటినుంచి అది ఎవరికో పెట్టుబడి అయింది. 2008 ఫిబ్రవరిలో విడుదలైన 'జోధా అక్బర్'కు తనిష్క్ సంస్థ నగలు సమకూర్చింది. చిత్రం పేరుమీదనే నగల నమూనాలను తన దుకాణాలలో అమ్మకానికి పెట్టింది. 2018 జనవరిలో వచ్చిన 'పద్మావత్'కూ ఆ సంస్థే నగలు చేసింది. తెలుగులో గుణశేఖర్ దర్శకత్వంలో 2015 అక్టోబరులో వచ్చిన 'రుద్రమదేవి'కి చెన్నైకి చెందిన ఎన్ఏసీ జ్యూయలర్స్ అసలు బంగారు నగలు చేసి ఇచ్చింది. అదే దర్శకుని 'శాకుంతలం' 2023 ఏప్రిల్‌లో విడుదలైంది. ఆ చిత్రంలో కోట్ల రూపాయల విలువైన అసలు బంగారు, వజ్రాభరణాలు వాడామని ముందునుంచీ ప్రచారం చేశారు. చిత్రం ఆశించినంతగా ఆడలేదు. నగలు అసలువైనా కథ పట్టు తప్పితే ప్రేక్షకుడు లేచి వెళ్లిపోతాడని పంపిణీదారులకు వేరే చెప్పనక్కరలేదు.

'బాహుబలి' దారి వేరు. 2017 ఏప్రిల్ 28న విడుదలైన రెండో భాగానికి జైపూర్‌కు చెందిన ఆమ్రపాలి సంస్థ నగలు చేసింది. ముఖ్యంగా వెండిమీద బంగారు పూత వేసిన నగలవి. దేవసేన ముక్కెర, శివగామి హారాలు వేటికవే ప్రత్యేకం. వెండి వాడడంలో తెలివి ఉంది. బంగారం కన్నా తేలిక, ఇత్తడి కన్నా మర్యాద, చెక్కడపు పనికి అనువు, తరువాత అమ్మకానికి పెడితే మధ్యతరగతి కొనగల ధర. ఆ సంస్థ అట్లాగే అమ్మకానికి పెట్టింది కూడా.

2022 సెప్టెంబరు 30న వచ్చిన మణిరత్నం 'పొన్నియిన్ సెల్వన్'కు హైదరాబాద్‌కు చెందిన కిషన్‌దాస్ అండ్ కో నగలు రూపొందించింది. పదవ శతాబ్దపు చోళుల కథ కనుక ఆలయ శిల్పాల తరహా నగలు కావలసి వచ్చాయి. 'మొఘల్-ఎ-ఆజమ్' తరువాత ఆరు దశాబ్దాలకు మరో చారిత్రక చిత్రం నగల కోసం హైదరాబాద్ గడప తొక్కిందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన పౌరాణిక చిత్రాలలో, ధారావాహికలలో ద్వాపరయుగపు రాణులు ధగధగలాడే 'అమెరికన్ డైమండ్' హారాలు ధరించి కనబడుతుంటారు. ఆ కృత్రిమ రాయి, అంటే క్యూబిక్ జిర్కోనియా, పెద్దఎత్తున మార్కెట్‌కు వచ్చింది 1976లో. పలు ముఖాలుగా కోసి మెరిపించే ఆ పద్ధతి ఐరోపా వజ్రకారులది. మన పాత నగలలో వజ్రాలను ఎక్కువగా సహజ రూపం చెడకుండానే పొదిగేవారు. కథ యుగాల నాటిది, రాయి మన కళ్లముందు పుట్టినది. తొంభై ఏళ్ల క్రితం జోసెఫ్ ఎత్తిచూపిన తప్పు మన బుల్లితెరపై నేటికీ రోజూ జరుగుతూనే ఉంది.

కమ్మచ్చు నుంచి విద్యుత్ తొట్టికి

తెరమీద ఒక హారం జనానికి నచ్చిందనుకుందాం. దాని నకలు ఎట్లా పుడుతుంది?

చిలకలపూడి తొలి రోజుల పద్ధతి వేరు, ఇప్పటి పద్ధతి వేరు. పూర్వం రాగి కడ్డీకి పలుచని బంగారు రేకు చుట్టి, కాల్చి అతికించేవారు. ఆ కడ్డీని కమ్మచ్చులో లాగేవారు. కమ్మచ్చు అంటే వరుసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలు గల ఉక్కు పలక. ఒక్కొక్క రంధ్రంలోంచి లాగినకొద్దీ తీగ సన్నబడుతుంది, లోపల రాగీ పైన బంగారమూ అదే పాళ్లలో సన్నబడతాయి. ఎంత సన్నని తీగ అయినా పైన బంగారం ఉంటుంది. రోల్డ్‌గోల్డ్ అన్న పేరు ఇటువంటి పద్ధతి నుంచే వచ్చింది. ఆ గొలుసులు ఏళ్ల తరబడి రంగు తగ్గకుండా ఉండేవని మన ఇళ్లలో పెద్దవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు ముందు నగ, తరువాత పూత. కావలసిన నమూనాకు ఉక్కు అచ్చు చెక్కుతారు. ఈ పనిలో చేయి తిరిగినవారు కొద్దిమందే. రాగి లేదా ఇత్తడి రేకును అచ్చులో కొడితే లక్ష్మీదేవో, నెమలో, మామిడిపిందో రేకుమీద తేలుతుంది. ముక్కలు కత్తిరించి, టంకం పెట్టి, కొక్కేలు అతికిస్తారు. ఆమ్లంలో ముంచి మలినం తీసి, మెరుగు పెట్టి, బంగారు లవణం కరిగించిన తొట్టిలో దించి తక్కువ ఓల్టుల విద్యుత్తు పంపుతారు. ద్రావణంలోని బంగారం నగమీదికి చేరుతుంది. ఎంతసేపు ఉంచితే అంత పూత. రాళ్లు ఎక్కించడం, పూసలు గుచ్చడం, కొండీలు కలపడం వంటి పనులు ఇళ్లలో ఆడవారి చేతులమీదుగా సాగుతాయి. ఒక హారం పూర్తయ్యేలోగా ఎన్ని ఇళ్లు తిరుగుతుందో చెప్పలేం.

'ఒక గ్రాము బంగారం' అన్న పేరు గురించి కొంత అపోహ ఉంది. ప్రతి నగలోనూ గ్రాము బంగారం ఉంటుందని చాలామంది నమ్ముతారు. లెక్క వేసి చూద్దాం. ఒక గ్రాము మేలిమి బంగారాన్ని ఒక మైక్రాన్ మందాన, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన పరిస్తే సుమారు 518 చదరపు సెంటీమీటర్ల మేర వస్తుంది. పైన చెప్పిన వడ్డాణానికి రెండువైపులా కలిపి వైశాల్యం 750 చదరపు సెంటీమీటర్లు. పావు మైక్రాన్ పూత వేస్తే పట్టే బంగారం 0.36 గ్రాములు మాత్రమే. చేతి ఉంగరానికైతే చెప్పనక్కరలేదు. ఆ పేరు ఒక వాణిజ్య నామమే కాని తూకం కాదని కొనుగోలుదారులు గుర్తుంచుకోవడం మంచిది. నగ ఎన్నాళ్లు మన్నుతుందన్నది పూత మందం మీద, అడుగున లోహాన్ని ఎంత శుభ్రం చేశారన్నదాని మీద ఆధారపడుతుంది. చెమట, సబ్బు, అత్తరు దాని శత్రువులు.

ఇక ఈ పని చేసేవారి సంగతి. సినిమా నమూనాకు ఆయుష్షు తక్కువ. ఒక చిత్రం నగ నచ్చితే ఆ పెళ్లిళ్ల కాలమంతా గిరాకీ, మరో చిత్రం రాగానే అచ్చు మూలపడుతుంది. అచ్చుకు పెట్టిన పెట్టుబడి తిరిగివచ్చేలోగా గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి, ముంబయి నుంచి యంత్రాలమీద తయారైన అదే నమూనా సగం ధరకు దిగవచ్చు. మచిలీపట్నం సమీపంలోని పోతేపల్లిలో ఇమిటేషన్ జ్యూయలరీ పార్కు ఏర్పడింది. విద్యుత్ ఛార్జీలు మోయలేకపోతున్నామని పరిశ్రమవారు ప్రభుత్వాలకు పలుమార్లు మొరపెట్టుకున్నారు. పూత తొట్టికీ, అచ్చు యంత్రానికీ కరెంటే ప్రాణం కనుక ఆ మొరలో న్యాయం లేకపోలేదు. పూత ద్రావణాలలో సైనైడ్ లవణాలు, శుభ్రం చేయడానికి గాఢమైన ఆమ్లాలు వాడుతారు. గాలి ఆడని చిన్న గదిలో, చేతికి తొడుగులు లేకుండా వాటి దగ్గర పనిచేయడం ప్రమాదం. వాడిన ద్రావణాన్ని మురుగుకాలువలోకి వదలడం ఊరికే ప్రమాదం. నగ మెరుపును చూసేవారికి ఈ తొట్టి కనబడదు.

కొల్లూరు వజ్రం, టైటానిక్ నకలు

నకలు ముందు పుట్టి అసలు తరువాత వచ్చిన కథ ఒకటి ఉందని మొదట అన్నాం. అది 1997 నాటి 'టైటానిక్'. అందులో ముసలి కథానాయిక చివరకు సముద్రంలో జారవిడిచే నీలి హృదయాకారపు పతకం తెలుగు ప్రేక్షకులకు సుపరిచితమే. కథలో అది అపురూపమైన నీలి వజ్రం. చిత్రీకరణకు వాడినది లండన్‌కు చెందిన ఆస్ప్రీ అండ్ గారార్డ్ సంస్థ తెల్ల బంగారంలో క్యూబిక్ జిర్కోనియా పొదిగి చేసిన నకలు. చిత్రం ప్రపంచమంతా ఆడాక అదే సంస్థ సుమారు 170 క్యారెట్ల అసలు నీలంతో, చుట్టూ వజ్రాలతో నిజమైన హారం చేసింది. 1998 ఆస్కార్ వేడుకలో గాయని సెలిన్ డియాన్ దానిని ధరించి పాడింది. నకలును చూసి అసలు చేసిన ఉదంతం ఇది.

ఆ కల్పిత వజ్రానికి ప్రేరణగా చెప్పే హోప్ వజ్రం మాత్రం కల్పితం కాదు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 112 క్యారెట్లకు పైబడిన నీలి వజ్రాన్ని మన దేశంలో సంపాదించి, 1668లో ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. దానిని పలుమార్లు కోయగా మిగిలిన 45.52 క్యారెట్ల రాయే నేడు అమెరికాలోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో ఉన్న హోప్ వజ్రం. అది కృష్ణానది ఒడ్డున నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనిలో దొరికినదేనని పరిశోధకుల అభిప్రాయం. ఆ గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని టావెర్నియర్ రాసుకున్నాడు. గోల్కొండ రాజ్యానికి సముద్రపు వాకిలి మన బందరు రేవు. టావెర్నియర్ కూడా ఈ రేవుకు వచ్చినవాడే. 1864 నవంబరు నాటి తుపాను, ఉప్పెన వేల ప్రాణాలను బలిగొని ఈ పట్టణాన్ని కుంగదీశాయి. కొల్లూరు గని ప్రాంతం పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. అసలు వజ్రాలు చూసిన రేవులో ఇప్పుడు వన్నె పూసిన రాగి తీగ జీవనాధారం.

కొనేవారికి నాలుగు మాటలు

బంగారం ధర పెరిగినకొద్దీ కవరింగ్ నగ అవసరమూ పెరుగుతోంది. పెళ్లికూతురికి తెరమీది రాణిలా అలంకరణ కావాలి, తండ్రి చేతిలో రెండెకరాల పంట డబ్బు మాత్రమే ఉంది. అటువంటి ఇంట్లో తాళి, నల్లపూసలు, చిన్న గొలుసు అసలు బంగారంతో చేయించి, వడ్డాణం, వంకీ, నాగరం వంటి భారీ నగలు కవరింగ్‌వి కొనడమో, అద్దెకు తేవడమో ఇప్పుడు పల్లెల్లోనూ మామూలైంది. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. తెరమీది రాణి కూడా చాలాసార్లు చేస్తున్నది అదే.

పూత నగను బంగారమని చెప్పి అమ్మడం, తాకట్టు పెట్టడం మాత్రం మోసం. దుకాణంలో అమ్మే హాల్‌మార్క్ బంగారు నగలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. హెచ్‌యూఐడీ అని పిలిచే ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ అనే ఫోను యాప్‌లో నమోదు చేస్తే, నగ వివరాలు, స్వచ్ఛత, నమోదు చేసిన వర్తకుడు ఎవరన్నది తెలుస్తుంది. 'ఫలానా సినిమాలో వాడిన బంగారు మోడల్' అని ఎవరైనా అంటే, మోడల్ సినిమాదే కావచ్చు, బంగారం సంగతి సంఖ్య చూసి తేల్చుకోవాలి. బిల్లులో నికర బంగారపు బరువు, రాళ్ల బరువు వేర్వేరుగా రాయించుకోవాలి. సినిమా తరహా నగలలో రాళ్లు, పూసలే సగం తూగుతాయి. వాటిని బంగారం ధరకు కట్టి అమ్మితే నష్టం చిన్నది కాదు.

చిత్రీకరణ ముగిశాక నగలు ఏమవుతాయని చాలామంది అడుగుతుంటారు. పేరున్న సంస్థలు ఇచ్చిన అసలు నగలు లెక్క చూసుకుని ఆ సంస్థలకే తిరిగి వెళతాయి. మిగిలినవి అద్దె దుకాణాలకు చేరుతాయి. అక్కడ రాణి హారం మరుసటి ఏడు మరో చిత్రంలో చెలికత్తె మెడలో పడుతుంది, ఆపైన ధారావాహికకు, ఆపైన కళాశాల వార్షికోత్సవపు నాటికకు. వన్నె బాగా తగ్గాక రాళ్లు ఊడదీసి వేరు చేస్తారు. అడుగున మిగిలిన ఇత్తడి మళ్లీ మూసలోకి వెళుతుంది.